రాయబారి వెనుకనున్న కార్యాలయము

(వరంగల్లున చేయబడిన పి.వి. నరసింహారావు స్మారకోపన్యాస పాఠము)



పాములపర్తి వేంకట నరసింహారావుగారిని గూర్చి ఈ యోరుగల్లున మాటలాడుట సులభమును, కష్టమును గూడ. ఆయన పుట్టిన లక్నేపల్లి నర్సంపేటకు చేరువ. దత్తునకు పోయి పెరిగిన వంగర హనుమకొండకు దూరము కాదు. పాములపర్తి సదాశివరావుగారితో కలిసి ఆయన నడపిన 'కాకతీయ పత్రిక' వెలువడినది ఈ యూరనే. కావున ఆయన మాట యెత్తగనే శ్రోతల ముఖములందు ఆత్మీయత తోచును. కాని, దగ్గరివారిని గూర్చి తెలిసిన నాలుగు కథలనే మరల మరల చెప్పుకొని తృప్తిపడుట లోకసహజము. భూసంస్కరణలు, 1991 నాటి ఆర్థిక సంస్కరణలు, బహుభాషాపాండిత్యము, వీనిని గూర్చి ఈ వేదికలమీద ఎందరో చెప్పియున్నారు. ఆయన 1980 జనవరి మొదలు 1984 జూలై వరకును, మరల 1988 జూన్ మొదలు 1989 డిసెంబరు వరకును భారత విదేశాంగమంత్రిగా నుండిరనియు, ప్రధానమంత్రియైన పిదప 1992 మార్చి చివరనుండి 1993 జనవరి వరకు ఆ శాఖను తమ చేతనే యుంచుకొనిరనియు తలంచువారు మాత్రము అరుదు. అన్నియు కూడినచో సుమారు ఏడేండ్ల కాలము ఆయన ఆ శాఖకు అధిపతి. ఆ శాఖ యెట్టిది, అది యెట్లు కూర్పబడినది, అందలి మనుష్యులేమి చేయుదురు అను విషయమును నేడు మీ ముందుంచదలచితిని.

నా అభిప్రాయమును మొదటనే చెప్పివేసెదను. దౌత్యమున జయమును కలిగించునది వాగ్ధాటికంటె జ్ఞాపకము. ఆ జ్ఞాపకమునకు ఆశ్రయము ఏ మహాపురుషుని మనస్సో యని మనము భావింతుము గాని, నిజమునకు అది తరతరముల ఉద్యోగులు రాసిపెట్టిన కాగితములయందు, ఆ కాగితములను సకాలమున తీసి చూపగల కార్యాలయమునందు నిలిచియుండును.

రాయబారమనగనే మన పల్లెలలో కృష్ణరాయబార నాటకము గుర్తునకు వచ్చును. తెల్లవారుజాముదాక మేల్కొని జనులు వేచియుండునది కౌరవసభాఘట్టమునకే. కాని తిక్కనసోమయాజి ఉద్యోగపర్వమును శ్రద్ధగా చదివినవారికి మరియొక సంగతి గోచరించును. శ్రీకృష్ణుడు హస్తినకు బయలుదేరుటకు ముందు ఉపప్లావ్యమున పాండవులు ఒక్కొక్కరుగా తమ తమ తలపులను ఆయనకు విన్నవింతురు. ధర్మజుని మెత్తదనము, సహదేవుని కాఠిన్యము, ద్రౌపది యావేదన, అన్నియు విని, అన్నిటిని మనస్సున నిలుపుకొని, ఏది యెంతవరకు విడువవచ్చునో, ఏది విడువరానిదో యెరిగి యాయన రథమెక్కును. సభలో పలికిన మాటలకు బలము ఆ పూర్వాలోచనవలన వచ్చినది. ఉపప్లావ్యములేని హస్తిన వట్టి నాటకమే యగును.

మన ప్రాచీనులు ఈ మర్మము నెరిగినవారే. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలుగా విభజించెను: సర్వకార్యములయందు స్వతంత్రముగా నిర్ణయింపదగిన నిసృష్టార్థుడు, నిర్ణీతమైన హద్దులో మాత్రమే సంభాషింపదగిన పరిమితార్థుడు, లేఖను మోసికొనిపోవు శాసనహరుడు. నేటి రాయబారికిని, ప్రత్యేకదూతకును, సంచి మోయు కొరియరుకును గల భేదము ఇదియే. ఇక మన కాకతీయుల సంగతి. గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244-45 ప్రాంతమున తూర్పుతీరమందలి మోటుపల్లిలో వేయించిన యభయశాసనమును మన విద్యార్థులు తప్పక చదువవలెను. తుపానుల పాలై తీరమున భగ్నమైన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా గైకొనుచుండగా, నిర్ణయించిన సుంకము తప్ప తక్కిన దానిని తాకబోమని ఆయన దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. పరదేశస్థుడు మన నేలమీద నిర్భయముగా నుండవచ్చునని రాజు వ్రాతమూలముగా ప్రకటించుటయే దౌత్యవ్యవస్థకంతటికిని పునాది. 1961 నాటి వియన్నా ఒడంబడికలోని రాయబారకార్యాలయపు అలంఘనీయత సైతము అట్టి మాట మీదనే నిలిచియున్నది. ఆ మాట యిచ్చిన చక్రవర్తి రాజధాని ఈ నగరమే యనుట మనకు గర్వకారణము.

నేటి మన విదేశాంగశాఖకు మూలము మాత్రము ఆ వంశవృక్షమున లేదు. 1783 సెప్టెంబరున ఈస్టిండియా కంపెనీవారు కలకత్తాలో రహస్యకార్యములకును రాజకీయకార్యములకును ఒక ప్రత్యేక విభాగమును నెలకొల్పిరి. సంస్థానాధీశులతోడి వ్యవహారములును దాని కార్యములలో చేరియుండెను. మన నైజాము 1798లో సైన్యసహకార సంధికి లోబడి, విదేశవ్యవహారములను తెల్లవారి చేత బెట్టెను; హైదరాబాదున కోఠీలోని రెసిడెన్సీ సౌధము దానికి నేటికిని సాక్షి. నూటయేబదియేండ్లు దౌత్యమెరుగని ఆ సంస్థానము 1948లో అకస్మాత్తుగా ఒక దౌత్యబృందమును కూర్చి, మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వమున, భారతదేశముపై ఫిర్యాదుతో, పారిస్‌లో భద్రతామండలి ముందుకు పంపెను. సెప్టెంబరు 16న మండలి ఆ విషయమును చేపట్టినది. భారతదేశపు పక్షమున రామస్వామి మొదలియారుగారు ప్రత్యుత్తరమిచ్చిరి. మరునాడే నైజాము భారతసైన్యమునకు లొంగిపోయెను. కొలది దినములకే తన ఫిర్యాదును తానే ఉపసంహరించుకొనెను. ఆ బృందములోనివారు చదువుకొన్నవారే, ఆంగ్లమున నేర్పరులే. కాని వారి వెనుక జనసమ్మతి లేదు, సంప్రదాయము లేదు, దశాబ్దముల వ్రాతకోతలు లేవు. ఆ కాలముననే యువకుడైన నరసింహారావుగారు సరిహద్దున చాందా శిబిరముననుండి ఆ నైజాముపై పోరాడుచుండిరి. ముందు ముందు తాము ఏ శాఖకు అధిపతి కాబోవుదురో ఆనాడు ఆయనకేమి తెలియును!

స్వతంత్ర భారతమునకు విదేశసేవ స్వాతంత్ర్యమునకు పూర్వమే సిద్ధమైనది. 1946 అక్టోబరు 9న తాత్కాలికప్రభుత్వము భారత విదేశసేవను నెలకొల్పుటకు నిర్ణయించెను. నెహ్రూగారు ఆనాటినుండి 1964లో కన్నుమూయువరకు ఆ శాఖను ఒరులకీయలేదు. గిరిజాశంకర బాజ్‌పాయిగారు ప్రధాన కార్యదర్శిగా, కె.పి.యస్. మేనోనుగారు మొదటి విదేశకార్యదర్శిగా దానిని తీర్చిదిద్దిరి. ఉద్యోగులు చాలక, పేరెన్నికగన్న విద్వాంసులను, ప్రజానాయకులను రాయబారులుగా పంపవలసివచ్చెను. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1949 మొదలు 1952 వరకు మాస్కోలో నుండుట అందులకు ఉజ్జ్వలమైన యుదాహరణము. దార్శనికుడు స్టాలినుతో ఏమి మాటలాడెనో యని లోకము కుతూహలపడెను. నా కుతూహలము వేరు. ఆయన తిరిగివచ్చిన పిదప అదే కుర్చీలో వృత్తిదౌత్యవేత్తయైన మేనోనుగారు కూర్చుండి ఏండ్లకొలది ఆ మైత్రిని పెంచిరి. విద్వాంసుడు తెరచిన ద్వారమును వృత్తినిపుణుడు మూతపడకుండ కాచెను. ఈ రెండు తెగలవారును అవసరమే. అయినను మొదటివారిని గూర్చియే మనము గ్రంథములు వ్రాయుదుము.

ఇక శాఖానిర్మాణము. మంత్రి, సహాయమంత్రులు రాజకీయనాయకత్వము వహింతురు. వారి క్రింద విదేశకార్యదర్శి యుద్యోగులందరికి పెద్ద; ఆయనతో పాటు తూర్పుదేశములకు, పశ్చిమదేశములకు, ఆర్థికసంబంధములకు, పాస్‌పోర్టులు వీసాలు ప్రవాసభారతీయుల కార్యములకు వేర్వేరు కార్యదర్శులుందురు. కాని శాఖకు వెన్నెముక సంయుక్త కార్యదర్శి స్థానము. లోకమంతయు ప్రాదేశిక విభాగములుగా పంచబడి, ఒక్కొక్క విభాగము ఒక్కొక్క సంయుక్త కార్యదర్శి వశమున నుండును. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ ఒక విభాగము. నేపాల్, భూటాన్ ఒకటి. చైనా, జపాన్, కొరియాలు తూర్పుఆసియా విభాగము. గల్ఫ్ దేశములకు వేరుగా ఒకటి. దేశములతో కాక విషయములతో ప్రసక్తిగల విభాగములు మరికొన్ని: అతిథిమర్యాదలు చూచు ప్రోటోకాల్, ఐక్యరాజ్యసమితి వ్యవహారములు, నిరాయుధీకరణము, 1957లో ఏర్పడిన న్యాయ-సంధి విభాగము. విదేశసేవను పరిశీలించిన పిళ్ళై సంఘము 1966లో చేసిన సిఫారసులనాటి నుండి విధానాలోచన విభాగమొకటి కూడ కలదు. కాని నేటి తంతికి నేడే జవాబు వ్రాయవలసిన ఇంటిలో రేపటిని గూర్చి ఆలోచించువానికి తగిన గౌరవము దొరకుట దుర్లభమనియే నా దృఢమైన నమ్మకము; ఈ లోపము నేటికిని తీరలేదు.

విదేశమందలి రాయబారకార్యాలయము ఇదే నిర్మాణమునకు చిన్న ప్రతిబింబము. రాయబారిని పంపుటకు పూర్వము ఆ దేశపు సమ్మతిని రహస్యముగా కోరవలెను. వారు కాదన్నచో కారణము చెప్పనక్కరలేదు. సమ్మతి లభించిన పిదప ఆయన పోయి ఆ దేశాధినేతకు అధికారపత్రములు సమర్పించును. కామన్‌వెల్తు దేశములందు ఆయనకే హైకమిషనరని పేరు. ఆయన క్రింద కౌన్సిలరు, ప్రథమ, ద్వితీయ, తృతీయ కార్యదర్శులు. రాజకీయము, వాణిజ్యము, సంస్కృతి, కాన్సులరు కార్యము వారివారి పంపకములు.

ఈ యంత్రమంతయు నెక్కడ ఫలించునో ఒక్క దృశ్యమున చూపెదను. రెండు దేశముల మంత్రులు బల్లకు అటునిటు కూర్చుండి సంభాషించుచుండగా ఛాయాచిత్రకారులు వారి చిరునవ్వులను పట్టుకొని వెడలిపోవుదురు. తలుపు మూసిన పిదప బల్ల చివర తలవంచుకొని ఒక యువకోద్యోగి వ్రాయుచుండును. ఎవరు ఏ మాట ముందన్నారో, ఏ ప్రశ్నకు జవాబీయక నీళ్ళు త్రాగిరో, ఏ వాక్యమును రెండుమారులు చెప్పిరో అతడు పట్టుకొనవలెను. విందు జరుగుచున్న రాత్రియందతడు తన గదిలో కూర్చుండి ఆ సంభాషణను శుభ్రముగా వ్రాసి పై యధికారికి చూపును. దిద్దుబాటైన ప్రతి ఒకటి విభాగపు ఫైలునకును, ఒకటి ఆ దేశమందలి మన కార్యాలయమునకును పోవును. ఎనిమిదేండ్లకు మరియొక మంత్రి, మరియొక ప్రభుత్వము, అదే దేశముతో అదే విషయము మాటలాడవలసి వచ్చినపుడు, మంత్రి చేతిలోని నాలుగు పుటల సంక్షేపమునకు మూలము ఆ రాత్రి వ్రాతయే.

నరసింహారావుగారి జీవితముననే దీనికి నిదర్శనము కలదు. 1962 యుద్ధానంతరము చైనాతో మాట పలుచనైనది. 1981 జూన్‌లో చైనా విదేశాంగమంత్రి హువాంగ్ హువా ఢిల్లీకి వచ్చినపుడు అతిథేయులు నరసింహారావుగారు. సరిహద్దును గూర్చి ఉద్యోగులస్థాయిలో సంభాషణ సాగవలెనని అప్పుడు నిశ్చయమైనది. ఆ యేడు డిసెంబరున బీజింగులో మొదటి విడత, దానితో కలిపి 1987 వరకు ఎనిమిది విడతలు జరిగినవి. పత్రికలు వానిని ఫలశూన్యములని వ్రాసినవి; నడుమ సుమ్‌దొరొంగ్ చూ లోయయందు రెండు సైన్యములు ఎదురెదురుగా నిలిచినవి. అయినను 1988 డిసెంబరున రాజీవ్ గాంధీగారు బీజింగునకు పోయినప్పుడు, విదేశాంగమంత్రిగా నరసింహారావుగారు వెంట నుండిరి. సంయుక్త కార్యబృందము ఏర్పడినది. ఆ తరువాత రెండున్నర యేండ్లలో మన దేశమున ప్రధానమంత్రులే ముగ్గురు మారిరి. కార్యబృందపు సమావేశములు మాత్రము ఆగలేదు. 1993 సెప్టెంబరు 7న, ఆయన ప్రధానిగా బీజింగున నుండగా, వాస్తవాధీనరేఖ వెంబడి శాంతిని నిలుపు ఒడంబడికపై సంతకములు జరిగినవి. మూడు ఘట్టములందును వంగరలో పెరిగిన నరసింహారావుగారు కనబడుట మనకు ఆనందము. కాని ఘట్టమునకు ఘట్టమునకు నడుమ, ఆయన ఆ శాఖలో లేని యేండ్లలో, దారము తెగకుండ పట్టుకొన్నవారెవరు? తూర్పుఆసియా విభాగమునందలి పేరులేని ఉద్యోగులు. ఈ మాట చెప్పుటవలన ఆయన కీర్తి తగ్గదు. ఆ పనివారి పనిని చదివి, నమ్మి, దానిపై నిర్మింపగల ఓర్పు ఆయనకు ఉండెననుటయే ఆయనకు చేయదగిన నిజమైన స్తుతి.

ఆ ఒడంబడిక మనకు దూరపు సంగతియని యెవరైన ననినచో, 2020 జూన్‌లో గల్వాన్ లోయయందు నేలకొరగిన ఇరువదిమంది భారతసైనికులలో వారి నాయకుడు కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడని స్మరింపుడని వేడెదను. ఒడంబడికపై సంతకము చేయుటతో పని తీరదు. దానిని ప్రతిదినము కాపాడుకొనవలెను. దానిని ఉల్లంఘించినవాని చేతలను, వాని పాతమాటలతో సరిపోల్చి, లోకమునకు చూపగలిగినవాడు ఆ ఫైలును దగ్గర నుంచుకొన్నవాడే.

1991 చివర సోవియట్ సమాఖ్య విచ్ఛిన్నమైనపుడు మన శాఖకు మరియొక పరీక్ష వచ్చినది. నిన్నటిదాక ఒక్క మాస్కో; నేడు పదునైదు రాజధానులు. మధ్యఆసియా భాషలు, తెగలు, నదీజలవివాదములు తెలిసినవారు ఎందరుండిరి? 1992లోనే క్రొత్త రాయబారకార్యాలయములు తెరవవలసివచ్చెను. ఆ జనవరి 29ననే ఇజ్రాయెలుతో పూర్ణదౌత్యసంబంధములు నెలకొన్నవి. ఆ యేడే ఆగ్నేయాసియా కూటమితో పాక్షికసంభాషణ మొదలైనది. విదేశకార్యదర్శి దీక్షిత్‌గారి వద్ద ఉన్న ఉద్యోగులు మాత్రము మునుపటివారే. ఆ సంవత్సరమున ఢిల్లీలో శాఖ యుండిన సౌత్‌బ్లాకున దీపములు ఎంత ప్రొద్దుపోవువరకు వెలిగియుండునో ఊహింపుడు.

ఇంతవరకు చెప్పినది రాజ్యముల కథ. ఈ శాఖ మన గడపకు వచ్చు త్రోవ వేరొకటి యున్నది. కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు, మన వరంగల్లు పల్లెలనుండి గల్ఫునకు పోయిన కూలివాడెవడైన అక్కడ కన్నుమూసినచో ఏమగునో మీలో కొందరకు తెలియును. ఆసుపత్రినుండి మరణపత్రము రావలెను. పోలీసుల అంగీకారము కావలెను. యజమాని జీతపు బాకీలు తేల్చవలెను. ఊరిలోని భార్యయో, తండ్రియో సమ్మతిపత్రముపై వ్రేలిముద్ర వేసి పంపవలెను. కాన్సులేటులోని గుమాస్తా ఆతని పాస్‌పోర్టును రద్దుచేసి నిరాక్షేపణపత్రము నీయవలెను. శవమును మందులతో భద్రపరచవలెను. విమానమున చోటు దొరకవలెను. ఈ కాగితములలో ఒక్కటి యాలస్యమైనను ఇక్కడ చావిడిలో పాడె సిద్ధము చేసికొని బంధువులు దినములకొలది కూర్చుండవలసివచ్చును. కూలివానికి శక్తి లేనప్పుడు వ్యయమును భరించుటకు 2009లో ప్రవాసభారతీయ సంక్షేమనిధి యేర్పడినది. 2004లో ప్రత్యేకముగా నెలకొల్పిన ప్రవాసభారతీయ మంత్రిత్వశాఖ 2016లో విదేశాంగశాఖలో కలిసిపోయినది. ఆ కలయికవలన ఒక మేలు జరిగినదని నేను నమ్ముదును: సంధులు వ్రాయు చేయియే ఇప్పుడు శవపేటికకును సంతకము పెట్టవలెను. అది చిన్నపనియని తలంచు యువదౌత్యవేత్త ఆ సేవకు తగడు. గల్ఫులోని మన కార్యాలయములందు తెలుగు తెలిసినవారు ఎల్లప్పుడును ఉండవలెనను కోరిక అనవసరమైన ప్రాంతాభిమానము కాదు. భర్తను కోల్పోయిన స్త్రీ దూరవాణిలో తన మాటలో తాను చెప్పుకొనగలుగవలెను.

ఈ సేవలో ఉన్నతోద్యోగుల సంఖ్య దేశమంతటికి సుమారు వేయి; విదేశమందలి మన కార్యాలయములు రెండు వందల వరకు. ఇంత పెద్ద జాతికి ఇది మిక్కిలి తక్కువయని పార్లమెంటు సంఘములు పలుమారులు చెప్పియున్నవి. క్రొత్తగా చేరిన ప్రతి యువకునికి ఒక విదేశభాష నేర్పుట మన సేవలోని మంచి సంప్రదాయము. ఆ తృతీయ కార్యదర్శి కొంతకాలము ఆ దేశమున నుండి, ఆ సంతలో బేరమాడి, ఆ పత్రికలు చదివి నేర్చును. మంత్రియైన పిదపను స్పానిషు మొదలగు భాషలతో మైత్రి విడువని నరసింహారావుగారు ఈ యువకులకు ఎంతటి యాదర్శమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మన విశ్వవిద్యాలయములందు చీనీ, పారశీకము, అరబ్బీ చదువువారెందరు? మన యువకులు విదేశసేవను కోరుట తక్కువ. కోరినవారును పరీక్షలో ఉన్నతస్థానము వచ్చినచో జిల్లా కలెక్టరు పదవినే వరింతురు. తలిదండ్రులు దీనిని గూర్చి ఆలోచింపవలెను.

చివరగా ఒక విన్నపము. 1993లోనే, నరసింహారావుగారి ప్రభుత్వమున, పబ్లిక్ రికార్డ్స్ చట్టము వచ్చినది. ప్రతి శాఖయు 25 ఏండ్లు దాటిన కాగితములను నేషనల్ ఆర్కైవ్స్‌వారితో కలిసి పరిశీలించి, శాశ్వతమైన విలువగలవానిని భద్రపరుపవలెనని అది శాసించినది. ఆయన విదేశాంగమంత్రిగా నున్న 1980-84 నాటి కాగితములకు ఆ గడువు ఎన్నడో దాటినది. ప్రధానిగా నున్ననాటి వానికిని దాటినది. వానిలో ఎన్ని ఆర్కైవ్సునకు చేరినవో, ఎన్ని పరిశోధకులకు లభ్యములో, ఎన్ని యింకను శాఖలోనే బీరువాలలో నున్నవో తెలిసికొని ఒక పట్టిక తయారుచేయు పని ఎవరైన పూనవలెను. మన కాకతీయ విశ్వవిద్యాలయమునందు చరిత్రయు రాజనీతియు చదువు విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఢిల్లీకి పోయి, జనపథమున ఆ ఆర్కైవ్సులో ఒక వేసవి కూర్చున్నచో ఆ పని మొదలగును. వారి ప్రయాణమునకును, బసకును కావలసిన వ్యయమును ఈ స్మారకసభా నిర్వాహకులు సమకూర్ప నంగీకరింతురేని, మొదటి చందాను ఈ సాయంకాలమే నేనిచ్చెదను.